జనం ఎగబడి ఆడే మ్యాప్‌నే ఎందుకు ఎత్తేస్తారు? గేమ్ కంపెనీల అసలు లెక్క ఇదీ..

రాత్రి పదిన్నర దాటింది. స్క్వాడ్‌లో నలుగురు. ఇద్దరు బాపట్ల హాస్టల్‌లో, ఒకరు తెనాలిలో, ఇంకొకరు రేపల్లెలో. కొత్త అప్‌డేట్ దిగింది, అందరూ లాబీలోకి వచ్చారు. తీరా మ్యాప్ లిస్ట్ ఓపెన్ చేస్తే నిన్నటిదాకా ఆడిన మోడ్ మాయం. "మావా, మనది ఏదిరా?" అని ఒకరు, "తీసేశారంట" అని ఇంకొకరు. ఆ తర్వాత పది నిమిషాలు గేమ్ కంపెనీకి తిట్లు.

బీజీఎంఐ ఆడే ఏ ఊళ్లో అయినా ఈ సీన్ కొత్తది కాదు. కుర్రాళ్లు అడిగే ప్రశ్న కూడా న్యాయమైనదే. ఎవరూ ఆడని మ్యాప్‌ని తీసేస్తే అర్థముంది. అందరూ ఆడుతున్న మ్యాప్‌ని, అదీ ఫుల్ డిమాండ్‌లో ఉన్నప్పుడు తీసేయడం ఏంటి? ఇదేదో కావాలని ఏడిపించడం కాదా?

కొంతవరకు కావాలనే చేస్తారు. కానీ అదొక్కటే కారణం కాదు.

ముందుగా మన దగ్గర కథ

మన కుర్రాళ్లకి ఈ విషయంలో బాధ కాస్త ఎక్కువే. ఎందుకంటే ఒక మ్యాప్ కాదు, గేమ్‌కి గేమే రెండుసార్లు మాయమైన దేశం మనది. పబ్జీ మొబైల్ 2018 మార్చిలో వచ్చింది. అప్పుడు చేతిలో ఉన్న మ్యాప్ ఎరాంగెల్. అదే ఏడాది మిరామార్, సాన్‌హోక్, డిసెంబర్‌లో మంచు మ్యాప్ వికెండి వరసగా దిగాయి. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద 118 యాప్‌లని బ్లాక్ చేసింది. అందులో పబ్జీ మొబైల్ ఒకటి. అదే ఏడాది అక్టోబర్ 30న మన దేశంలో ఆడేవాళ్లకి సర్వర్లు ఆగిపోయాయి.

తర్వాత క్రాఫ్టన్ కంపెనీ 2021 జులై 2న బీజీఎంఐ పేరుతో మళ్లీ తెచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2022 జులై 28న, అది కూడా ప్లే స్టోర్, యాప్ స్టోర్ నుంచి పోయింది. 2023 మే నెలలో మళ్లీ వచ్చింది. ఈ మధ్యలో ఉన్న పది నెలల గ్యాప్‌లోనే, 2022 సెప్టెంబర్‌లో, పబ్జీ మొబైల్ నూసా అనే బుల్లి ఐలాండ్ మ్యాప్‌ని మిగతా ప్రపంచానికి ఇచ్చింది. మనవాళ్లకి అది బీజీఎంఐ తిరిగొచ్చాకే దొరికింది.

కాబట్టి ఇక్కడ ఏదైనా మ్యాప్ కనిపించకపోతే ముందు వచ్చే డౌట్ "మళ్లీ బ్యాన్ చేశారా?" అనే. ప్రతిసారీ వాట్సాప్‌లో అదే పుకారు. ప్రభుత్వ బ్లాక్ వేరు, కంపెనీ తనంతట తాను మ్యాప్ తీసేయడం వేరు. ఈ స్టోరీ రెండో దాని గురించి.

అసలు సమస్య 100 మంది

బ్యాటిల్ రాయల్ గేమ్‌కి ఒక మొండి కండిషన్ ఉంది. ఒక మ్యాచ్ మొదలవ్వాలంటే దాదాపు 100 మంది ఒకేసారి, ఒకే మ్యాప్ కోసం, ఒకే మోడ్‌లో స్టార్ట్ నొక్కి ఉండాలి. క్రికెట్‌కి 22 మంది దొరక్కపోతే 16 మందితో ఆడేస్తాం. ఇక్కడ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న ఎరాంగెల్‌లో 30 మందినే దింపితే ఇరవై నిమిషాలు నడవడమే తప్ప ఒక్కడు కూడా ఎదురు పడడు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఇవి కంపెనీ ఇచ్చిన నంబర్లు కాదు, అర్థం కావడానికి అనుకున్నవి. ఒక సర్వర్ రీజియన్‌లో ఒక టైమ్‌కి 24,000 మంది మ్యాచ్ కోసం వెయిట్ చేస్తున్నారు. మ్యాప్‌లు 5. సోలో, డ్యుయో, స్క్వాడ్ అని 3 రకాలు. టీపీపీ, ఎఫ్‌పీపీ అని 2 వ్యూలు. అంటే 30 క్యూలు అయ్యాయి. బ్రాంజ్ నుంచి కాంకరర్ వరకు 8 ర్యాంకులు ఉన్నాయి. బ్రాంజ్ వాడిని కాంకరర్‌తో కలిపితే వాడు దిగిన నిమిషానికే లాబీకి వచ్చేస్తాడు కాబట్టి ర్యాంకులు వీలైనంత విడివిడిగా పెట్టాలి. 30ని 8తో గుణిస్తే 240 క్యూలు. 24,000 మందిని సమానంగా పంచితే ఒక్కో క్యూలో సరిగ్గా 100 మంది. అందరికీ ఒక్కో మ్యాచ్. హమ్మయ్య.

ఇందులోకి ఒక్క మ్యాప్ ఎక్స్‌ట్రా వేయండి. 6 మ్యాప్‌లు అయితే క్యూలు 288. ఒక్కో క్యూలో 83 మంది. ఏ మ్యాచూ నిండదు.

పైగా నిజంలో జనం సమానంగా పంచుకోరు. సగానికి సగం మంది ఎరాంగెల్ స్క్వాడ్ టీపీపీలోనే ఉంటారు, అందులో సగం పొచింకిలోనే దూకుతారు. కాబట్టి మిగతా క్యూలు ఇంకా పలచబడతాయి. అప్పుడు కంపెనీ ముందు మూడు దారులు. ఒకటి, ప్లేయర్‌ని ఇంకాసేపు వెయిట్ చేయించడం. రెండు, దూరపు సర్వర్‌కి పంపడం, అంటే పింగ్ పెరిగి లాగ్ వస్తుంది. మూడు, ఖాళీ సీట్లలో బాట్‌లని కూర్చోబెట్టడం. మీ మ్యాచ్‌లో ఎదురుగా నిలబడి గాల్లోకి కాల్చే అమాయకుడు ఉంటాడే, వాడే. ఈ మూడింట్లో ఏది చేసినా తిట్టేది ప్లేయరే.

అందుకే నాలుగో దారి.. ఒక మ్యాప్‌ని లిస్ట్‌లోంచి తీసేసి జనాన్ని మిగతావాటిలోకి సర్దడం. దీన్నే రొటేషన్ అంటున్నారు. పబ్జీ పీసీ వెర్షన్‌లో 2020 జనవరిలో కరాకిన్ అనే కొత్త మ్యాప్ వచ్చినప్పుడు వికెండిని పక్కన పెట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో వికెండిని మార్పులు చేసి, రైలు కూడా వేసి, వెనక్కి తెచ్చారు. ఏపెక్స్ లెజెండ్స్ అయితే ముందు నుంచే ఇదే పద్ధతి. ఆ టైమ్‌కి లిస్ట్‌లో ఏ మ్యాప్ ఉంటే అదే అందరూ ఆడాలి.

ఇది తెనాలి వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. సంక్రాంతికి స్పెషల్ రైళ్లు వేస్తారు. కాలు పెట్టే సందు ఉండదు. పండగ అయిపోగానే తీసేస్తారు. రైలు నిండలేదని కాదు.. ఆ బోగీలు, ఆ లైన్ టైమ్ ఇంకో చోట కావాలి.

సర్వర్ ఖర్చు అంటారు గానీ..

మ్యాప్ పోయినప్పుడల్లా కామెంట్లలో కనిపించే మాట "సర్వర్ ఖర్చు తగ్గించుకోవడానికి". ఇది పూర్తిగా కరెక్ట్ కాదు. సర్వర్ మీద బరువు పడేది నడుస్తున్న మ్యాచ్‌ల వల్ల. లిస్ట్‌లో ఎన్ని మ్యాప్ పేర్లు ఉన్నాయి అనేది దానికి పెద్దగా సంబంధం లేదు. లక్ష మంది ఒకే మ్యాప్ ఆడినా, ఆరు మ్యాప్‌లు ఆడినా మ్యాచ్‌ల సంఖ్య దగ్గర దగ్గరగా అంతే.

ఖర్చు ఇంకో చోట ఉంది. అది టెస్టింగ్.

కొత్త బండి ఒకటి గేమ్‌లోకి తెచ్చారనుకోండి. అది ఎరాంగెల్ బ్రిడ్జి మీద ఎలా వెళ్తుంది, మిరామార్ ఇసుక గుట్టల మీద ఎగిరితే ఏమవుతుంది, సాన్‌హోక్ నదిలో పడితే మునుగుతుందా తేలుతుందా.. అన్నీ చూడాలి. కొత్త గ్రనేడ్ తెస్తే ప్రతి మ్యాప్‌లో ప్రతి గోడ దగ్గర అది లోపలికి దూరిపోకుండా చూడాలి. ఒక్క చోట గోడలోకి దూరే సందు దొరికిందా, సాయంత్రానికల్లా దాని మీద యూట్యూబ్‌లో వీడియో, రాత్రికల్లా ర్యాంక్ మ్యాచ్‌లన్నీ నాశనం. ప్రతి అప్‌డేట్‌కీ, ప్రతి మ్యాప్ మీదా, వందల రకాల ఫోన్ల మీదా ఈ పని మళ్లీ మొదటి నుంచీ చేయాలి. మ్యాప్‌లు పెరిగే కొద్దీ పని కూడా ఆ రేంజ్‌లోనే పెరుగుతుంది.

లిమిటెడ్ టైమ్ మ్యాప్‌లలో ఇది ఇంకా ఎక్కువ. ఎందుకంటే వాటికి మామూలు రూల్స్ ఉండవు. ఎగిరే గుడులు, స్పెషల్ పవర్లు, బాస్ ఫైట్లు.. ఆ కొన్ని వారాల కోసమే రాసిన కోడ్ చాలా ఉంటుంది. ఎప్పటికీ ఉంచాలని కట్టిన బిల్డింగ్ వేరు, ఎగ్జిబిషన్ కోసం వేసిన షెడ్డు వేరు కదా.

ఈ విషయాన్ని బహిరంగంగా ఒప్పుకున్న పెద్ద కంపెనీ బంగీ. డెస్టినీ 2 అనే గేమ్‌లోంచి 2020 నవంబర్‌లో మార్స్, మెర్క్యురీ, ఐవో, టైటన్ లొకేషన్లని మూకుమ్మడిగా తీసేసింది. గేమ్ సైజ్ భరించలేనంత పెరిగిపోయిందని, అంత గేమ్‌ని అప్‌డేట్ చేస్తూ టెస్ట్ చేయడం సాధ్యం కావట్లేదని ముందే చెప్పింది. కానీ జనం ఊరుకోలేదు. కారణం సింపుల్. పోయినవాటిలో డబ్బులిచ్చి కొన్న కంటెంట్ కూడా ఉంది. 2022లో బంగీ వెనక్కి తగ్గి, ఇకపై ఎక్స్‌పాన్షన్లని తీయబోమని ప్రకటించింది.

ఫోన్‌లో ప్లేస్ ఏదీ?

పీసీ వాళ్లకి హార్డ్ డిస్క్ మార్చుకునే చాన్స్ ఉంది. మన దగ్గర బీజీఎంఐ నడిచేది ఎక్కువగా ఫోన్ల మీద, అదీ చాలాసార్లు 64 జీబీ ఫోన్ల మీద. అందులో వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫొటోలు, అమ్మ ఆధార్ కాపీలు, కాలేజీ పీడీఎఫ్‌లు పోగా మిగిలిన చోటులో గేమ్ పట్టాలి. అందుకే మ్యాప్‌లని విడిగా రిసోర్స్ ప్యాక్‌లుగా డౌన్‌లోడ్ చేసుకునే పద్ధతి పెట్టారు.

కానీ ప్యాక్ విడిగా పెడితే ఇంకో తలనొప్పి. ఒక మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లు మాత్రమే ఆ క్యూలోకి రాగలరు. పైన చెప్పుకున్న 100 మంది లెక్క ఇక్కడ ఇంకోసారి దెబ్బతింటుంది. స్క్వాడ్‌లో ముగ్గురి దగ్గర ప్యాక్ ఉండి, నాలుగోవాడి డేటా అయిపోతే ఆ రాత్రికి మళ్లీ ఎరాంగెలే.

లివిక్ ఎందుకు నిలబడింది అనేది ఇక్కడే అర్థమవుతుంది. 2020 జులైలో వచ్చిన లివిక్ ఫోన్ కోసమే చేసిన మ్యాప్. 2 కిలోమీటర్లు పొడవు, 2 కిలోమీటర్లు వెడల్పు. 52 మంది ఉంటే చాలు, పావుగంటలో మ్యాచ్ ఖతం. మొదట ట్రయల్‌గా పెట్టినా ఆ తర్వాత పక్కాగా ఉంచేశారు. నూసా ఇంకా చిన్నది, కిలోమీటరుకి కిలోమీటరు, 32 మంది. తక్కువ మందితో నిండిపోయే మ్యాప్‌కి బతికే చాన్స్ ఎక్కువ అనిపిస్తుంది గానీ అదీ గ్యారంటీ కాదు. పబ్జీ పీసీలో 2020 డిసెంబర్‌లో వచ్చిన హెవెన్ కూడా సరిగ్గా అదే సైజు, అదే 32 మంది. అది లిస్ట్‌లో నిలవలేదు.

అద్దె అయిపోతే ఖాళీ చేయాల్సిందే

కొన్ని మ్యాప్‌లు పోవడానికి వేరే కారణం అక్కర్లేదు. అవి అద్దెవి. 2021 జులై అప్‌డేట్‌లో ఎరాంగెల్ మధ్యలో టెస్లా గిగాఫ్యాక్టరీ వెలిసింది గుర్తుందా? లోపలికి వెళ్లి బటన్లు నొక్కితే కారు తయారై బయటికి వచ్చేది. అంతకుముందు గాడ్జిల్లా, కాంగ్ వచ్చి మ్యాప్‌లో తిరిగి వెళ్లాయి. ఆ తర్వాత ఆర్కేన్, డ్రాగన్ బాల్.. ఇవన్నీ వేరే కంపెనీల ఆస్తులు. ఆ పేర్లు, బొమ్మలు వాడుకోవడానికి ఒప్పందం ఉంటుంది, దానికి గడువు ఉంటుంది. గడువు దాటి ఒక్క రోజు ఉంచినా అది వేరే లెక్క. మీకు ఎంత నచ్చినా, కోటి మంది ఆడినా లాభం లేదు. సినిమా హౌస్‌ఫుల్‌గా ఆడుతున్నా శుక్రవారం ఇంకో సినిమాకి థియేటర్ ముందే ఇచ్చేసి ఉంటే బోర్డు దించాల్సిందే కదా.

ఇక కావాలని చేసేది..

ఇప్పుడు కుర్రాళ్ల అనుమానం దగ్గరికి వద్దాం. అవును, మ్యాప్ తీసేయడం వ్యాపారం కూడా.

బీజీఎంఐ, ఫోర్ట్‌నైట్ లాంటివి ఫ్రీ గేమ్‌లు. డబ్బు వచ్చేది యూసీ, పాస్‌లు, క్రేట్లు, స్కిన్ల నుంచి. మీరు రోజూ గేమ్ ఓపెన్ చేస్తేనే అవి అమ్ముడవుతాయి. "ఈ మోడ్ ఇంకా 12 రోజులే" అని టైమర్ కనిపిస్తే, రేపు పరీక్ష ఉన్నా ఇవాళ ఒక మ్యాచ్ ఆడాలనిపిస్తుంది. అదే మ్యాప్ ఎప్పటికీ ఉంటుందంటే "సెలవుల్లో ఆడదాంలే" అనుకుంటారు. తొందర పుట్టించేది గడువే. ఈవెంట్‌లో ఇచ్చే టోకెన్లు, వాటితో తీసుకునే డ్రెస్సులు కూడా ఆ గడువుకే ముడిపడి ఉంటాయి. ఇక్కడే చిన్నపిల్లల చేతిలో నాన్న ఫోన్, అందులో యూపీఐ ఉన్న ఇళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో కోణం ఉంది. నచ్చింది అనేవాళ్లు, ఆడేవాళ్లు ఎప్పుడూ ఒకటే కాదు. కొత్త మోడ్ వచ్చిన మొదటి వారం అందరూ దూరతారు. మూడో వారానికి రివార్డులు తీసుకోవడం అయిపోతుంది, ర్యాంక్ పుష్ కోసం మళ్లీ ఎరాంగెల్‌కి వెళ్లిపోతారు. మ్యాప్ తీసేశాక "అది బెస్ట్ మ్యాప్" అని పోస్టులు పెట్టేది కూడా వీళ్లే. ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారో కంపెనీకి నిమిషాలతో సహా తెలుసు. పీక్‌లో ఉండగా ఆపేస్తే ఆ మ్యాప్ మీద ప్రేమ మిగులుతుంది, ఖాళీ అయ్యేదాకా ఉంచితే అదీ మిగలదు.

ఆ మిగిలిన ప్రేమని తర్వాత అమ్ముకోవచ్చు. దీనికి పెద్ద సాక్ష్యం ఫోర్ట్‌నైట్. 2019 అక్టోబర్ 13న ఆ గేమ్ మ్యాప్ మొత్తాన్ని బ్లాక్ హోల్ మింగేసింది. దాదాపు రెండు రోజులు స్క్రీన్ మీద నల్లటి చుక్క తప్ప ఏమీ లేదు. 15న కొత్త మ్యాప్‌తో చాప్టర్ 2 మొదలైంది. నాలుగేళ్ల తర్వాత, 2023 నవంబర్ 3న, పాత మ్యాప్‌ని ఓజీ పేరుతో వెనక్కి తెచ్చారు. ఆ మర్నాడు ఒక్క రోజులో 4.47 కోట్ల మంది ఆడారని ఎపిక్ గేమ్స్ ప్రకటించింది. అయినా నెల రోజులే ఉంచారు. జనం గోల పెట్టాక 2024 డిసెంబర్ 6 నుంచి పర్మినెంట్ మోడ్ చేశారు.

కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్‌లో వెర్డాన్స్క్ కథ కూడా ఇంతే. 2020 మార్చిలో, లాక్‌డౌన్‌ల టైమ్‌కి వచ్చింది. 2021 డిసెంబర్‌లో దాని ప్లేస్‌లో కాల్డెరా పెట్టారు. కొత్త మ్యాప్ చాలామందికి ఎక్కలేదు. 2025 ఏప్రిల్ 3న వెర్డాన్స్క్ మళ్లీ వచ్చింది. అంటే తీసేసింది నచ్చక కాదు, వెనక్కి తెచ్చింది దయతో కాదు.

అలాగని ప్రతి పాత మ్యాప్‌నీ స్విచ్ వేసినట్టు తేలేరు. ఫోర్ట్‌నైట్ 2021 డిసెంబర్‌లో అన్‌రియల్ ఇంజిన్ 5కి మారింది. అంటే 2019లో పక్కన పెట్టిన మ్యాప్‌ని మళ్లీ పెట్టాలంటే కొత్త ఇంజిన్‌లో సరిచేయాలి. ఎక్కువ కాలం అటక మీద ఉన్న కొద్దీ దించడానికి ఖర్చు పెరుగుతుంది. చాలా చిన్న ఈవెంట్ మ్యాప్‌లు ఎప్పటికీ తిరిగి రాకపోవడానికి ఇదొక కారణం.

కొన్న డబ్బుల సంగతేంటి?

ఇదే అసలైన ప్రశ్న. మ్యాప్ ఫ్రీ కాబట్టి పోతే పోయింది అనుకోవచ్చు. కానీ ఆ మ్యాప్ కోసం కొన్న పాస్? గేమ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా ఓకే కొట్టే టర్మ్స్‌లో దీనికి సమాధానం ఉంటుంది. మీరు కొన్నది వస్తువు కాదు, వాడుకునే లైసెన్స్. దాన్ని మార్చే హక్కు, ఆపే హక్కు కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది.

ఈ రూల్ మీద ప్రపంచంలో ఇప్పుడు గట్టిగానే గొడవ నడుస్తోంది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ ది క్రూ అనే కార్ రేసింగ్ గేమ్ సర్వర్లు ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లకి కూడా గేమ్ తెరుచుకోలేదు. ఆ దెబ్బకి స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం పుట్టింది. యూరప్‌లో వాళ్ల పిటిషన్‌కి 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకో చట్టం తెచ్చింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ డిజిటల్ గేమ్ అమ్మేటప్పుడు, ఇది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా కొనండి అనే బటన్ పెట్టకూడదు. ఇవి మ్యాప్‌ల కోసం వచ్చినవి కావు, మొత్తం గేమ్‌ల కోసం. కానీ ప్రశ్న ఒకటే.

పాత మ్యాప్ ఏపీకే పేరుతో వల

మ్యాప్ పోయిన వారంలోనే టెలిగ్రామ్‌లో, యూట్యూబ్ డిస్క్రిప్షన్లలో లింకులు తిరగడం మొదలవుతుంది. "పాత మోడ్ అన్‌లాక్ ఏపీకే", "పాత వెర్షన్ వర్కింగ్ 100%" అంటూ. ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. ఆన్‌లైన్ మ్యాచ్ నడిచేది కంపెనీ సర్వర్‌లో. అక్కడ ఆ మోడ్‌ని ఆపేశాక మీ ఫోన్‌లో ఫైల్ ఉన్నా 100 మందితో మ్యాచ్ రాదు. అలాంటి ఫైల్ ఇన్‌స్టాల్ చేస్తే అకౌంట్ బ్యాన్ అయ్యే రిస్క్ ఉంది. పైగా ఎస్ఎంఎస్ పర్మిషన్ అడిగితే ఓటీపీలు చదివే చాన్స్ కూడా ఇచ్చినట్టే.

పాత స్పాట్‌లలో మళ్లీ తిరగాలని అంతగా అనిపిస్తే గేమ్‌లోనే ఉన్న వరల్డ్ ఆఫ్ వండర్ మోడ్ చూడొచ్చు. అక్కడ ప్లేయర్లే సొంతంగా మ్యాప్‌లు కట్టుకుంటారు. పోయిన మ్యాప్‌ని పోలినట్టు కట్టినవి కూడా వెతికితే దొరకొచ్చు. ఇక ఇప్పుడు నడుస్తున్న ఈవెంట్ ఉంటే, ఈవెంట్ పేజీలో ముగింపు తేదీ ఒకసారి చూసుకోండి. టోకెన్లు ఎక్స్‌ఛేంజ్ చేయడానికి వేరే గడువు ఉందేమో కూడా చూడండి. అయిపోయిన మ్యాప్ ప్యాక్‌ని డౌన్‌లోడ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిలీట్ చేస్తే ఫోన్‌లో ఆ మేరకు ప్లేస్ వస్తుంది. తర్వాతి అప్‌డేట్‌కి అది ఎలాగూ కావాలి.